రబ్బరు తీసిన కార్నేషన్

చిత్తూరు నుంచి తిరుపతి పోయే బస్సులో నా పక్కన కూర్చున్నామె ఒళ్లో ఎర్ర కార్నేషన్ మొగ్గలున్నాయి. ప్రతి మొగ్గకూ రబ్బరు బ్యాండు. ఎందుకని అడిగినాను.

“వెయ్యకపోతే రెక్కలు తోసుకోనొచ్చి పచ్చ తొడుగు పగిలిపోతాదక్కా. పగిలింది ఎవురూ కొనరు. పూలతోటలో ఆరేండ్లు ఇదే నా పని. ఆడోళ్లకు బాత్రూం కట్టమని అడిగినానని నిన్న మానిపించినారు. ఈ కట్ట మాత్రం అడక్కుండానే తెచ్చుకున్నా.”

ఒక్కో రబ్బరూ తీసేసింది. “పగిలితే పగలనీ, ఎంత విచ్చుకుంటాయో సూస్తా” అని నాకొక మొగ్గ ఇచ్చి చంద్రగిరిలో దిగిపోయింది.

మా ఇంట్లో నీళ్ల గ్లాసులో అది మూడోనాటికి తొడుగు పగిలి, అరచెయ్యంత విచ్చుకుంది. మా ఆఫీసులో ఆడోళ్ల బాత్రూముకు రెండేండ్లుగా తాళమే. ఆ పువ్వు తల్లో పెట్టుకునే పోయి, తాళం తీయమన్నాను.