గొడుగులు బాగుచేసే అతని పిలుపు

ఆ గొంతు నాకు పదకొండేళ్లుగా తెలుసు. మార్కెట్ మెట్ల దగ్గర చంకకర్ర పక్కన పెట్టుకుని కూర్చుని, "అమ్మా..." అని సాగదీస్తూ అడుక్కునేవాడు. ఒకప్పుడు పెద్ద పెద్ద భవనాలకు రంగులు వేసేవాడట. పరంజా మీద నుంచి పడి కాలు పోయింది, ఏడాది తిరక్కుండా భార్య పోయింది. మావారు అటు వెళ్లినప్పుడల్లా ఆగి ఏదో ఒకటి వేసేవారు. ఆయన పోయాక నేను ఆ వైపు వెళ్లడమే మానేశాను.

నిలువ నీడ లేనివాళ్ల కోసం వసతి గృహం నడిపేవాళ్లు అతన్ని తీసుకెళ్లి, గొడుగులు బాగుచేసే పని నేర్పారు. ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు. ఒక ముసురు రోజు వంటింట్లో ఉండగా వీధిలో "అమ్మా..." అని వినబడింది. ఆ తర్వాత ఇంకేదో అన్నాడు గానీ నేను వినిపించుకోలేదు. ఒక్కదానికి వండుకోవడం నాకింకా చేతకాదు, రోజూ మిగులుతుంది. ఆ అన్నం గిన్నెలో పెట్టుకుని గుమ్మంలోకి వచ్చాను.

గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, భుజాన సంచితో నిలబడి ఉన్నాడు. గిన్నె వంక చూశాడు.

"గొడుగులు బాగుచేస్తానమ్మా. పొద్దుట్నుంచి ఇది మూడో గిన్నె. గొడుగు మాత్రం ఒక్కరూ తేలేదు."

నాకు తల కొట్టేసినట్టయింది. లోపలికి పోయి మావారి గొడుగు తెచ్చిచ్చాను. మెట్టు మీద కూర్చుని, విరిగిన ఊచ తీసి కొత్తది కడుతూ చెప్పుకొచ్చాడు. వానాకాలం అయిపోయేలోపు సొంత సంపాదనతో గది అద్దెకు తీసుకోవాలట. లేకపోతే వసతి గృహంలో అతని మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు. దానికోసం బయట చాలామంది కాచుకుని ఉన్నారు.

"ఆ సాగదీయడం మానేయొచ్చుగా," అన్నాను.

"అదీ చూశానమ్మా. గట్టిగా, పొట్టిగా అంటే తిడుతున్నాననుకున్నారు. గంట కొడితే ఐస్‌క్రీం బండి అనుకుని పిల్లలు పరిగెత్తుకొచ్చి, నన్ను చూసి ఏడుపు ముఖాలు పెట్టారు." నవ్వాడు. "అమ్మా, అయ్యా, బాబూ, తల్లీ... ఉన్న వరసలన్నీ అడుక్కోవడానికే వాడేశాను. పని అడగడానికి ఒక్కటీ మిగల్లేదు."

ఎదురింటి వదిన కిటికీలోంచి తొంగిచూసి, "ఏమయ్యోయ్, మెట్లు చాలక ఇళ్ల మీద పడ్డావా?" అంది. అతను తల ఎత్తలేదు.

నేనే ఇల్లిల్లూ తిరిగి పాడైన గొడుగులు అడిగి తెస్తానని చెప్పాను. మావారు పోయాక నేను ఇరుగుపొరుగు గడప తొక్కడం అదే మొదలు. మొదటి ఇంటి పంతులమ్మ నేను నోరు తెరిచేలోపే నా చెయ్యి పట్టుకుంది.

"ఇంతదాకా వచ్చిందా అక్కా? ముందే చెప్పొచ్చుగా," అని మడిచిన నోటు నా చేతిలో కుక్కబోయింది.

"గొడుగుల కోసమే వచ్చాను. బాగుచేసే అతను ఉన్నాడు."

"సరే, అలాగే అనుకుందాంలే."

ఎదురింటి వదిన గొడుగు ఇచ్చి, "తిరిగి తేనక్కర్లేదు, అమ్ముకో," అంది. మొత్తానికి ఐదు దొరికాయి. ఇంటికొచ్చి గోడకు ఆనుకుని చాలాసేపు కూర్చున్నాను.

అతను ఐదూ బాగుచేశాడు. నేను తీసుకెళ్లి కూలి అడిగితే ఇద్దరే ఇచ్చారు. మిగతా ముగ్గురూ, "నీకే ఇచ్చేశాం కదా, ఉంచుకో," అన్నారు. ఆ మూడు గొడుగులూ అతను ముట్టుకోలేదు.

"ఇంక మీరు వెళ్లకండమ్మా. ఆ చూపులు నాకు అలవాటే. మీకు ఎందుకు?"

వానలు వెళ్లిపోయాయి. మంచం ఇంకొకరికి ఇచ్చేశారు.

మొన్న మార్కెట్‌కు వెళ్లాను. అవే మెట్లు. గోనెపట్టా పరిచి ఊచలు, దారం, సూదులు, పట్టకారు వరసగా పెట్టుకుని కూర్చున్నాడు. ఒళ్లో ఎవరో చిన్నపిల్ల గొడుగు. ఎక్కడ పడుకుంటున్నావంటే మాట మార్చాడు.

"ఇప్పుడు నోరు తెరవడం లేదమ్మా. తెరవకపోతే రోజుకి ఒకరో ఇద్దరో తెస్తున్నారు. ఎండకైనా గొడుగు కావాలిగా."

ఇంతలో ఒక పెద్దమనిషి ఇటు చూడకుండానే నాణెం విసిరి సాగిపోయాడు. అది పట్టకారుకు తగిలి మోగింది. అతను గొడుగు పక్కన పెట్టి, నాణెం ఏరుకుని, చంకకర్ర అందుకుని లేచాడు. ఒక్క కేక వేస్తే ఆ మనిషి ఆగేవాడేమో, వేయలేదు. తిరిగి ఇచ్చేయడానికి నాణెం ఉన్న చెయ్యి ముందుకు చాచి, జనంలో పడి అతని వెనకాలే నడిచాడు. పెద్దమనిషి ఒకసారి తిరిగి చూసి, ఆ చెయ్యి చూసి, నడక వేగం పెంచాడు. ఇతను ఆగలేదు. చేపల కొట్ల మలుపు తిరిగేదాకా ఇద్దరూ కనబడ్డారు.