మా వదిన కొండకలువలు

మా వదిన పోయిన వారం కన్నుమూసింది. కబురు తెచ్చింది మా అన్న కొడుకు. పొద్దున పాలు పోసే వేళకు కార్వాన్‌లో మా ఇంటి ముందు సైకిలు ఆపి, క్యాన్లు దించకుండా అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. "చిన్నబాపూ, అమ్మ పోయింది," అన్నాడు. ఎట్లా అని అడిగాను. "బర్లకు దాణా కలుపుతాంటే కూసున్న కాడనే ఒరిగింది. నువ్వు ఇంటికి నడువు. నేను ఈ గల్లీల పాలు పోసి వస్త. పాలు పోయకుండ మర్లిపోతే అమ్మ లొల్లి చేస్తది."

ఆ మాట అన్నాక గానీ వాడికి తెలిసి రాలేదు. సైకిలు గోడకు ఆనించి, మా గడప మీద కూలబడి ఏడ్చాడు.

పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. నేనూ మంచే రాస్తున్నాను. కాకపోతే మా వదిన మంచితనం పక్కనున్నవాళ్లకు ప్రాణసంకటంగా ఉండేది. దాన్ని దాచి రాస్తే అది ఇంకెవరి గురించో అవుతుంది.

మాది హైదరాబాదు హుస్సేనీ ఆలంలో పాలు పోసుకుని బతికే ఇల్లు. నాకు ఊహ తెలిసేసరికే అమ్మా నాయనా లేరు. అన్నే పెంచాడు. వదిన కాపురానికి వచ్చేనాటికి నేను చదువుకుంటున్నాను. నా గిన్నెలో రోజూ మీగడ ఎక్కువ పడేది. ఎందుకు వదినా ఇంత అంటే, "గిన్నె కడగనీకె బద్దకమైంది. గీకి పోసిన. తాగు," అనేది. ప్రేమగా ఒక్క మాట అంటే ఆమె నోరు అరిగిపోతుందేమో అనుకునేవాణ్ణి.

ఆమె పుట్టిల్లు అమ్రాబాద్ అడవి అంచున. పెళ్లయ్యాక మొదటిసారి పుట్టింటికి పోయి వచ్చినప్పుడు గంప నెత్తిన పెట్టుకుని దిగింది. సకినాలో అరిసెలో ఉంటాయని అన్నా నేనూ ఆశగా బట్ట తీసి చూశాం. మట్టి. ఆ మట్టిలో వేళ్లంత దుంపలు.

"ఏందే ఇది?" అన్నాడు అన్న.

"కొండకలువ."

"వండుకుంటరా?"

"వండుకోరు. చూస్తరు."

"ఏం చూస్తరు?"

"ఇప్పుడేం కనవడదు. వానలు వడాలె."

ఆ ఏడు బట్టలుతికే బండ పక్కన నాటింది. ఎప్పుడూ తడిగా ఉండే జాగా అది. దుంపలన్నీ కుళ్లిపోయాయి. తాను పొరపడ్డానని ఆమె ఒప్పుకోలేదు. "పట్నం నీళ్లు దానికి వడలే," అంది. మరుసటేడు మళ్లీ తెచ్చింది. ఈసారి పెరట్లో కానుగ చెట్టు కింద, పొద్దంతా ఎండ తగలని గోడ మూలన చోటు చూసింది. అయితే అక్కడి మట్టి నచ్చలేదు.

"ఇది బర్లు తొక్కిన మట్టి. గట్టిగ రాయోలె అయింది. దానికి ఆకులు మురిగిన మట్టి గావాలె, అడవిల ఉన్నట్టు."

అడవి మట్టి హైదరాబాదులో ఎక్కడ దొరుకుతుంది? దొరికేదాకా ఇంట్లో ఎవరికీ శాంతి లేదు. చివరికి, జల్‌పల్లిలో జామతోట కౌలుకు చేసే ముసలాయన గుర్తుకొచ్చాడు. మా బర్రెల పెంట ఎరువుగా బండిలో ఆయన తోటకే పోయేది. ఆయన్ను అందరం తోట చాచా అనేవాళ్లం. ఆయన తోట కంచె వెంట ఏళ్ల తరబడి రాలిన ఆకు మురిగి నల్లగా ఉండేది. సైకిలు మీద ఒక గోనెసంచి నింపుకుని వస్తుంటే ఊరి పొలిమేరలో సుంకం నాకా దగ్గర జవాను నన్ను ఆపాడు.

"బోరీ మే క్యా హై?"

"మిట్టీ."

నమ్మలేదు. సంచి రోడ్డు మీద కుమ్మరించాడు. కర్రతో కెలికి చూశాడు. మట్టే. "షహర్ మే మిట్టీ నై మిల్తీ క్యా?" అన్నాడు, పట్నంలో మట్టికి కరువా అన్నట్టు. "మా వదినకు జంగల్ కీ మిట్టీ హోనా," అన్నాను. అతను నా ముఖంలోకి కాసేపు జాలిగా చూసి, వంగి తానే సంచిలోకి ఎత్తిపెట్టాడు. "జావ్ భాయ్. మేరే ఘర్ మే భీ ఐసీచ్ హై," అన్నాడు. వాళ్లింట్లోనూ అలాంటి ఆవిడే ఉందట.

ఇంటికి తెచ్చి దించితే వదిన మట్టిని చేత్తో నలిపి, "సగం కంకరే తెచ్చినవ్," అంది. జరిగింది చెప్పాను. "కింద పోయనిచ్చినవా?" అంది. అంతే. మంచినీళ్లు తాగుతావా అని కూడా అడగలేదు.

ఆ దుంపలు మాత్రం బతికాయి. రోహిణి ఎండలు పోయి మృగశిర చినుకులు పడ్డాక ఒక పొద్దున చూస్తే, ఆకు లేదు, కాడ లేదు, నేలలోంచి నేరుగా పూలు లేచి ఉన్నాయి. తెల్లని రేకులు, మధ్యలో వంగపండు రంగు నాలుకలాంటి రేకు. దగ్గరికి వంగితే కర్పూరం లాంటి చల్లని వాసన. ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా చూడ్డానికి వచ్చారు. వాళ్లు మురిసేలోగా వదిన గదమాయించింది. "జరుగుండ్రి. నీడల పెరిగేదానికి మనిషి ఊపిరి తగిలినా వడదు." వచ్చినవాళ్లు మూతి ముడుచుకుని పోయారు. మరునాటికి ఆ పూలు వాడి, పక్కన కొత్తవి లేచాయి. పూలయ్యాక ఆకులు వచ్చాయి, పైన ఆకుపచ్చ, అడుగున ఊదా. చలికాలం రాగానే ఆకులూ ఎండి నేలలో కలిసిపోయాయి.

అసలు బాధ అక్కణ్ణుంచి మొదలైంది. ఏడాదిలో సగం రోజులు అక్కడ వట్టి నేలే. ఆ నేల మీద ఎవరూ అడుగు పెట్టకూడదు. చుట్టూ ఇటుకలు పేర్చింది. కానుగ ఆకు రాలితే ఊడవనివ్వదు, దుప్పటిలా కప్పి ఉంచాలంటుంది. చుక్క నీళ్లు పడనివ్వదు, నిద్రలో ఉన్నదానికి నీళ్లు పోస్తే మురుగుతుందంటుంది. పెరడంతటికీ ఉన్నది ఆ ఒక్క చెట్టే. ఆ నీడలో నులకమంచం వేసుకోవడానికి లేదు. చుట్టాలు వస్తే కూర్చోబెట్టడానికి లేదు. బర్రెలకోసం అన్న ఎండలో వేరే తాటాకు పందిరి వేయాల్సి వచ్చింది.

"ఖాళీ జాగకు కావలి కాస్తున్నవా?" అనేవాడు అన్న.

"ఖాళీ గాదు. పండుకున్నది."

"నేను పండుకుంటనంటె జాగ లేదు గని దానికి ఉన్నదా?"

"నువ్వు పండుకుంటె గురక వెడతవ్. అది వెట్టదు."

ఇట్లా ఏళ్లు గడిచాయి. యుద్ధం రోజులు వచ్చాయి. గడ్డికీ, తెలకపిండికీ కటకట. ఆ కాలంలో ఒక వేసవి నిప్పులు కురిసింది. మాకున్నవాటిలో బాగా పాలిచ్చే బర్రె అప్పుడు చూడిది. ముందురోజు సాయంత్రం గాలిదుమారానికి తాటాకు పందిరి లేచిపోయింది. పొద్దున్నే అన్న, "ఇయ్యాల ఒక్కరోజు బర్రెను కానుగ కింద కడుత," అన్నాడు. వదిన వినలేదు. "ఇంకొక్క వాన వడితె మొలకలొస్తయి. ఇప్పుడు తొక్కిస్తవా?" ఇద్దరూ గల్లీ అంతా వినేట్టు పోట్లాడుకున్నారు. అన్న విసిగి, తాటాకుల కోసం బండి కట్టుకుని పోయాడు. నేనింకా చదువుకుంటున్నాను, బడికి సెలవులు కాబట్టి ఇంట్లోనే ఉన్నాను.

మధ్యాహ్నానికి బర్రె నోట నురగ కట్టింది. నాలుక బయటపెట్టి, డొక్కలు ఎగరేస్తూ ఎండలోనే కూలబడింది. అది పోతే ఆ ఏడు ఇల్లు గడవదని అందరికీ తెలుసు.

"వదినా," అన్నాను.

"నాకు కండ్లు లేవా?" అంది.

ఆమే పలుపు విప్పింది. బర్రె లేవకపోతే మెడ కింద భుజం పెట్టి లేపింది. కాలితో ఇటుకలు పక్కకు తన్ని, దాన్ని సరాసరి ఆ మూలకు నడిపించింది. నేను తొట్టిలోంచి నీళ్లు తోడి ఇస్తుంటే కడవ మీద కడవ బర్రె మీద కుమ్మరించింది. బర్రె ఆ నేలను నాలుగు కాళ్లతో కుళ్లబొడిచి, బురద చేసి, చెరువులో దిగినట్టు అందులో పడుకుంది. పొద్దు వాలేదాకా వదిన నీళ్లు పోస్తూనే ఉంది. ఆమె చీర మోకాళ్లదాకా బురద. నా వైపు ఒక్కసారి కూడా తిరగలేదు.

అన్న తాటాకులతో వచ్చి, చూసి, బండి పక్కనే నిలబడ్డాడు. "ఏం జూస్తున్నవ్? పందిరి వెయ్యి," అంది వదిన.

బర్రె బతికింది. పెయ్యదూడను వేసింది. అన్న ఆ బురదా పేడా అంతా పారతో ఎత్తి, ఎప్పటిలాగే జల్‌పల్లి తోట బండికి వేయించాడు. వానలు పడ్డాయి. మూలన ఏమీ మొలవలేదు. కట్టింది ఆమె, నీళ్లు పోసింది ఆమె. కోపం మాత్రం మా మీద. అన్నకు కూరలో ఉప్పు తగ్గింది. నా గిన్నెలో మీగడ తగ్గింది. పోనీ, పోయిందేదో పోయిందని ఒప్పుకుంటుందా అంటే అదీ లేదు. మళ్లీ ఇటుకలు పేర్చి, మళ్లీ ఆకులు కప్పి, ఎవర్నీ అడుగు పెట్టనివ్వలేదు.

"అది సచ్చిపోయింది వదినా," అన్నాను ఒకనాడు, ఇక తట్టుకోలేక.

"నువ్వేమన్న డాక్టరువా?" అంది.

ఆ మరుసటేడు తొలకరికి తోట చాచా పెంట కోసం వచ్చాడు. బండి దిగుతూనే, "బిడ్డా, మీ పెంటల ఏం కలిపి పంపినవ్?" అన్నాడు. "జామచెట్ల కింద ఆకు లేదు, కొమ్మ లేదు, మట్టిలకెల్లి పూలు లేస్తున్నయ్. మా ముసల్ది అటుదిక్కు పోనీకె భయపడుతున్నది."

వదిన పిండి చేతులు కూడా కడుక్కోలేదు. పెంట ఎత్తనివ్వకుండానే ఆ బండెక్కి కూర్చుంది. నేను సైకిలు మీద వెంట పోయాను. ఏడుస్తుందనుకున్నాను. ఏమని ఓదార్చాలో దారి పొడుగునా ఆలోచించుకున్నాను కూడా. తోటలో చెట్ల నీడన చాలా దూరం దాకా పూలు. వదిన వాటిని చూసింది, చెట్టు పైకి చూసింది, చాచా వైపు తిరిగింది.

"ఈ కొమ్మ ఎందుకు కొట్టినవ్ చాచా? పొద్దటి ఎండ మొత్తం దీని మీదనే వడుతున్నది."

చాచా నా వైపు చూశాడు. వదిన గొంతుక్కూర్చుని, బయటపడిన ఒక దుంప మీద మట్టి కప్పి, అరచేత్తో మెల్లగా అదిమింది. ఆ చెయ్యి అక్కడే చాలాసేపు ఉంచింది.

నాలుగు దుంపలు ఇంటికి తీసుకుపోదామన్నాను. "పూసేటప్పుడు తవ్వుతరా, అక్కల్ ఉన్నదా?" అంది. చలికాలంలో అడిగితే, "పండుకున్నదాన్ని లేపుతరా?" అంది. ఎండాకాలంలో అడిగితే మొలకలొచ్చే వేళంది. ఇక వాటిని ఇంటికి తేదని అప్పటికి నాకు అర్థమైంది. నిజానికి, పూలు చూసి జల్‌పల్లి నుంచి వచ్చిన ఆ సాయంత్రమే పెయ్యను తెచ్చి కానుగ కింద కట్టింది. ఎందుకని అన్న అడగలేదు. అడిగితే ఏదో ఒకటి అంటుందని ఆయనకు తెలుసు.

ఆ తర్వాత చాచాకు కష్టాలు వచ్చాయి. ఏటా తొలకరికి వదిన వెళ్లి ఎక్కడ నీళ్లు పారాలో, ఏ చెట్టు కింద మేకల్ని తోలకూడదో చెప్పి వచ్చేది. "ఈ తోట కౌలు నాదా, మీ వదినదా?" అని చాచా నన్ను పక్కకు పిలిచి అడిగాడు. నాకు పెళ్లయి కార్వాన్‌కు మారినా, తోటకు పోయే రోజు నాకు కబురొచ్చేది. రానని ఒక్కసారీ అనలేకపోయాను. మీగడ తాగిన నోరు కదా.

పోయిన వానకాలం ఆమెకు దగ్గు పట్టుకుంది. తొలకరికి పోలేకపోయింది. శ్రావణంలో కాస్త తేరుకోగానే బండి కట్టమంది. పూలయిపోయి ఉంటాయి, ఆకులు తప్ప ఏమీ ఉండవు అన్నాను. "ఆకులు చూస్తె కండ్లు పోతయా?" అంది. దారంతా సణుగుతూనే ఉంది. బండి కుదుపుతున్నదని, ఎద్దు సోమరిదని, ఇంత దూరం తోట పెట్టుకున్న చాచాకు బుద్ధి లేదని.

తోటలో దిగాక రెండడుగులు వేసి, ఇక నడవలేక ఒక జామచెట్టు కింద తడి నేల మీదే కూర్చుంది. చాపెయ్యమని చాచా తన మనవరాలికి చెబుతుంటే వద్దంది. తలకు తగిలే కొమ్మకున్న జామకాయ నన్ను తెంపమంది. దోరకాయ కూడా కాదు, పచ్చిది. పళ్లతో కొరికి చూసి, "వగరు," అని ముఖం చిట్లించింది. తర్వాత చీర కొంగు ముడి విప్పింది. అందులో ఉప్పు ఉంది, ఇంటి దగ్గరే ముడేసుకుని తెచ్చుకున్నది. కాయను ఉప్పులో అద్ది, సగం కొరికి, మిగతా సగం నా చేతిలో పెట్టింది. వాన తెరిపి ఇచ్చినా, ఆకుల మీది నీళ్లు ఇంకా మా మీద రాలుతున్నాయి. ఆమె గింజలు ఉమ్ముతూ, కాళ్లు చాపుకుని, ఎవర్నీ ఏమీ అనకుండా నములుతూ కూర్చుంది.