మొదటి రేసు, నా ఐరన్ లెగ్గు

మార్చి వచ్చిందంటే మా వాళ్ళ బుర్ర పనిచేయడం మానేస్తుంది. మామూలు రోజుల్లో అందరూ చదువుకున్నవాళ్ళే. ఒకాయన యూనివర్సిటీలో చరిత్ర మీద పరిశోధన చేస్తున్నాడు. మూఢనమ్మకాల గురించి సెమినార్లో గంటసేపు దంచి కొట్టగలడు. ఇంకొకడు బ్యాంకులో లోన్లు చూసే ఆఫీసరు. సంతకం లేనిదే సొంత తమ్ముణ్ణి కూడా నమ్మడు. ఇలాంటివాళ్ళు ఫార్ములా కార్ల సీజన్లో మొదటి రేసు జరిగే ఆదివారం మాత్రం, ఆస్ట్రేలియాలో కారు గెలవడమూ ఓడడమూ తార్నాకలో నేనెక్కడ కూర్చున్నానన్నదాన్ని బట్టి ఉంటుందని మనస్ఫూర్తిగా నమ్ముతారు.

వాళ్ళ దృష్టిలో నేను ఐరన్ లెగ్గుని. నేను గడపలో కాలు పెడితే ఎర్ర కార్ల జట్టుకు ఏదో ఒకటి అవుతుందట. మేమందరం ఆ ఎర్ర కార్ల అభిమానులమే, నాతో సహా. ఆ సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ఈ పిచ్చి మాకు అంటించింది ఆ చరిత్ర పరిశోధకుడే. ఆయన్ని అందరం అన్న అంటాం. నేను పీహెచ్‌డీలో చేరిన కొత్తలో ఒక ఆదివారం క్యాంటీన్లో ఫోన్‌ని నీళ్ళ జగ్గుకు ఆనించి రేసు చూస్తూ, ఒక్కడే తిట్టుకుంటూ, ఒక్కడే నవ్వుకుంటూ కనిపించాడు. ఏంటని అడిగితే పక్కన కూర్చోబెట్టుకుని మొదటి నుంచీ చెప్పాడు. వాన పడితే టైర్లు ఎందుకు మారుస్తారో, ఎప్పుడు మార్చాలన్నది ఎంత పెద్ద జూదమో ఆ రోజే విన్నాను. నా పరిశోధన రబ్బరు లాంటి పదార్థాల మీద. ల్యాబ్‌లో ముక్కలు కోసి, వేడిచేసి, చల్లార్చి చూసే నాకు, అదే రబ్బరు మీద ఒక మనిషి ప్రాణం పెట్టుకుని మలుపు తిరుగుతున్నాడంటే ఒళ్ళు జలదరించింది. ఆ రోజు నుంచి నేనూ వాళ్ళల్లో ఒకదాన్ననే అనుకున్నాను.

తర్వాతి ఏడాది బ్యాంకు ఆఫీసరు పెద్ద టీవీ కొన్నాడు. వాడు డిగ్రీలో నా క్లాస్‌మేట్, కాకినాడ వైపు మనిషి. తార్నాకలో ఒక సందులో మూడో అంతస్తులో ఫ్లాటు. సీజన్ మొదటి రేసు అందరం అక్కడే చూడాలన్నారు. బస్సు దొరక్క నేను ఆలస్యంగా వెళ్ళాను. మా డ్రైవరు అందరికంటే ముందున్నాడు. నేను ఒక చెప్పు విప్పి, రెండోది విప్పుతుండగా అతని కారు వెనక నుంచి పొగ లేచింది. గదిలో తలలన్నీ ఒకేసారి నా వైపు తిరిగాయి. అప్పుడు నవ్వుకున్నాం. మరుసటి ఏడు బుద్ధిగా ముందే వెళ్ళి కూర్చున్నాను. సగం రేసు దాకా అంతా బాగుంది. మంచినీళ్ళ కోసం లేచాను. వేరే జట్టు కారేదైనా వచ్చి గుద్దితే ఏమో అనుకోవచ్చు, మా ఎర్ర కార్లు రెండూ ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అంతే, ఆ తర్వాత ప్రతి ఏడూ నా చోటు మెట్ల మీద. ఎవరూ మొహం మీద పొమ్మని అనరు. రేసు మొదలయ్యే వేళకు అన్న గొంతు సవరించుకుంటాడు. నేను అర్థం చేసుకుని ఫోన్ పట్టుకుని బయటికి నడుస్తాను. బెడ్‌రూంలో పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కూర్చునే ఆఫీసరు భార్య, టీచరమ్మ, తల బయటికి పెట్టి, "మళ్ళీ మెట్ల మీదికేనా?" అని జాలిపడుతుంది. కింది ఇంటి పెద్దావిడైతే ఒకసారి నా పక్కన నిలబడి, "ఏమ్మా, లోపల గొడవలా?" అని గుసగుసగా అడిగింది. ఏం చెప్పను? కారు గొడవ అన్నాను. ఎవరి కారు, ఎక్కడ తగిలిందని ఆమె ఇంకా కంగారుపడింది.

మెట్ల మీద అసలు బాధ వేరే. లోపల టీవీ కంటే నా ఫోన్ అర నిమిషం వెనక నడుస్తుంది. కాబట్టి నాకు ముందు అరుపు వినిపిస్తుంది, తర్వాత రేసు కనిపిస్తుంది. అన్న "అరెరెరె" అన్నాడంటే ఎవరో జారారు, కానీ మనవాడు కాదు. ఆఫీసరు "చచ్చాం రా బాబూ" అంటే టైర్లు మార్చేచోట మనవాళ్ళు ఆలస్యం చేశారు. అందరూ ఒక్కసారిగా నిశ్శబ్దమైతే ఇక ఫోన్ చూడక్కర్లేదు. పరీక్ష రాస్తున్నప్పుడే ఫలితం చేతిలో పెట్టినట్టుంటుంది నాకు. పోనీ నా గదిలో ఒక్కదాన్నే చూసుకుందామంటే, అదేమిటో, వీళ్ళ అరుపులు లేకపోతే రేసు చప్పగా ఉంటుంది.

సోమవారం క్యాంపస్‌లో ఇంకో తలనొప్పి. టీ బండి దగ్గర చేరి, ఒక్క రేసు చూసి సీజన్ మొత్తం తేల్చేస్తారు. ఫలానా డ్రైవరు పని అయిపోయింది, ఫలానా జట్టు ఇల్లు సర్దుకోవచ్చు, కప్పు వీడిదే రాసిపెట్టుకో. ఇంకా ఏడాదంతా రేసులున్నాయి కదా అంటే వినరు. నేను టైర్ల గురించి నోరు తెరిస్తే, "నువ్వు సరిగ్గ చూడలే గద చెల్లె" అంటాడు అన్న. నన్ను బయట కూర్చోబెట్టినవాళ్ళే నేను చూడలేదని అంటే ఏ గోడకు తల కొట్టుకోవాలి?

నాకు కావలసింది పెద్దదేమీ కాదు. సీజన్ మొదటి రేసు ఒక్కటి, మొదటి చుట్టు నుంచి చివరి దాకా, ఆ గదిలో వాళ్ళతో కలిసి చూడాలి. చూసి, నాకు తోచింది చెప్పాలి. చెప్తే వాళ్ళు వినాలి. ఈ ఏడు ఏమైనా సరే లేవకూడదని నిర్ణయించుకున్నాను.

ఆదివారం అడిక్‌మెట్‌లో నా గది నుంచి క్యాంపస్ గుండా నడుచుకుంటూ బయల్దేరాను. చెట్ల కింద ఉద్యోగాల పరీక్షలకు చదువుకునేవాళ్ళు అప్పటికే పుస్తకాలు పరిచేశారు. వాళ్ళు జీవితాల కోసం కుస్తీ పడుతుంటే నేనొక కుర్చీ కోసం యుద్ధానికి పోతున్నానని నవ్వొచ్చింది. నవ్వొచ్చినా నడక మాత్రం తగ్గించలేదు.

నేను వెళ్ళేసరికి ఆఫీసరు ఇడ్లీ పొట్లాలు విప్పుతున్నాడు. అన్న, ప్రతి ఏడూ ఆయన వెంట వచ్చే హాస్టల్ కుర్రాళ్ళిద్దరు సోఫాలో ఉన్నారు. నేను ఫ్రిజ్ పక్కన ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. అన్న నన్ను, గడియారాన్ని, మళ్ళీ నన్ను చూశాడు.

"ఏంది చెల్లె, గింత పొద్దుగాలనే వచ్చినవ్?"

"రేసు చూద్దామని."

"మంచిగనే ఉన్నది గానీ, గీడ ఫ్యాన్ గాలి రాదు. గాడ మెట్ల కాడ మస్తు గాలి ఆడతది."

"నాకు ఉక్కపోస్తలేదన్నా. ఈసారి గీడనే కూసుంటా. లేవ."

ఆఫీసరు ఇడ్లీ వదిలేసి వచ్చాడు. "చూడూ, నేనేమీ ఇవన్నీ నమ్మననుకో. కానీ ఎందుకొచ్చిన రిస్కు చెప్పు?"

నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. లోపల నుంచి టీచరమ్మ, "కూర్చోనివ్వండి పాపం, ఆ అమ్మాయి కూర్చుంటే కార్లకేమవుతుంది?" అంది. అంతలోనే, అసలు రేసుకు ముందు కార్లన్నీ నెమ్మదిగా తిరిగే చుట్టులోనే, ఎవరిదో కారు తడి మీద జారి గోడకు కొట్టుకుంది. అది వేరే జట్టు కారు. అయినా సరే, మళ్ళీ చూపించేదాకా కూడా ఆగకుండా నలుగురూ నా వైపే చూశారు. టీచరమ్మ తలుపు దగ్గరగా వేసుకుంది.

రేసు మొదలైంది. మా డ్రైవరు మూడో చోటులో ఉన్నాడు. రాత్రి పడిన వాన తడి ఆరిపోయి, అందరూ పొడి టైర్లకు మారారు. నేను నీళ్ళు తాగలేదు, కాలు కదపలేదు. సగం దాటాక ట్రాకు అవతలి వైపు గట్టు మీద కూర్చున్న జనాన్ని చూపించారు. వాళ్ళల్లో ఒక్కొక్కరే గొడుగులు తెరుస్తున్నారు. ట్రాకు ఈవైపు ఇంకా పొడిగానే ఉంది. ఆ చల్లటి గాలికి, ఆ సన్నటి జల్లుకు పొడి టైరు రబ్బరు బిగుసుకుపోతుంది, పట్టు పోతుంది. ఇప్పుడు ముందుగా ఎవరు మారిస్తే వాళ్ళదే రేసు.

"ఇప్పుడే మార్చాలె," అన్నాను. "వాన టైర్లు. అందరికంటే ముందుగాల మనోళ్ళే మార్చాలె."

"శ్శ్! మాట్లాడకు తల్లీ," అన్నాడు ఆఫీసరు.

"జర ఉత్తగ కూసో చెల్లె," అన్నాడు అన్న.

మరో చుట్టు తిరక్కుండానే మా జట్టువాళ్ళు డ్రైవరును లోపలికి పిలిచి వాన టైర్లు వేశారు. నేను కుర్చీలో ఎగిరి పడబోయి ఆగాను. గదిలో మాత్రం శోకాలు మొదలయ్యాయి. మా డ్రైవరు ఏకంగా తొమ్మిదో చోటుకు పడిపోయాడు. "పాగల్ గాళ్ళు! పొడి రోడ్డు మీద వాన టైర్లా? ఈ సీజన్ ఖతం!" అని అన్న లేచి నిలబడ్డాడు. ఇంక బతికుండగా ఎర్ర రంగు మొహం చూడనన్నాడు. ఆఫీసరు అప్పటికే ఫోన్లో జట్టు మేనేజరును తీసెయ్యాలని పోస్టు రాసేస్తున్నాడు. హాస్టల్ కుర్రాళ్ళు ఆ దుఃఖంలో ఇడ్లీల మీద పడ్డారు.

తర్వాత వాన దబదబా పడింది. ముందున్న కార్లు వరసగా జారాయి. ఒకటి గడ్డిలోకి, ఒకటి గోడకు, మిగతావి టైర్ల కోసం లోపలికి. మా డ్రైవరు ఒక్కడే నీళ్ళను చీల్చుకుంటూ నింపాదిగా వచ్చి మొదటి చోటులో నిలబడ్డాడు. తీసెయ్యాల్సిన మేనేజరు దేవుడయ్యాడు. ఆఫీసరు పోస్టు చెరిపేశాడు. గెలుపు గీత దాటగానే అన్న ఆ కుర్రాళ్ళిద్దర్నీ కావలించుకుని ఏడ్చేశాడు. సీజన్ కప్పు మనదే రాసిపెట్టుకోమన్నాడు.

నేను ఎదురుచూశాను. నిజంగా చెప్తున్నాను, చిన్నపిల్లలా ఎదురుచూశాను. అన్న కళ్ళు తుడుచుకుని నా దగ్గరికి వచ్చాడు. వంగి, ఎంతో ప్రేమగా అన్నాడు:

"చెల్లె, గీ కుర్చీ గిట్లనే ఉండాలె. ఎవ్వలు జరపొద్దు."

ఆఫీసరు చాక్‌పీసు తెచ్చి కుర్చీ కాళ్ళ చుట్టూ నేల మీద గీతలు గీశాడు. తర్వాతి రేసుకూ నేను ఇదే పసుపు డ్రెస్సులో రావాలట. ఐరన్ లెగ్ కాదట, గోల్డెన్ లెగ్ అట.

"అన్నా, టైర్లు మార్చాలె అని నేను చెప్పిన గద? వాళ్ళు మార్చకముందే చెప్పిన."

"చెప్పావా?" అన్నాడు ఆఫీసరు. వెక్కిరింపు కాదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఎప్పుడు?"

అన్న కొంచెం సిగ్గుపడ్డాడు. "అబద్ధమెందుకు చెల్లె, నువ్వేదో అన్నవ్ గానీ ఇనలే. గప్పుడు మేం టీవీ సుత సక్కగ చూస్తలేం. ఏడ లేస్తవో అని నీ కాళ్ళ దిక్కే చూస్తున్నం."

కోపమొచ్చింది, ఏడుపొచ్చింది. రెండూ కలిసి వచ్చాయి. ఇక ఉండదలచుకోలేదు. చేతులు కుర్చీ మీద ఆనించి లేవబోయాను.

"లేవకు!" నలుగురూ ఒక్కసారే అరిచారు.

"రేసు అయిపోయింది కదన్నా!"

"కప్పు ఇంక చేతికి రాలే. ఆఖర్ల పెనాల్టీ ఏస్తే? దండం పెడ్తా, జరసేపు కూసో."

అన్న నిజంగానే రెండు చేతులూ జోడించాడు. నేను కూర్చున్నాను. టీవీలో మా డ్రైవరు వానలో తడుస్తూ విజేత నిలబడే మెట్టెక్కి, కప్పును రెండు చేతులా పైకెత్తాడు. గదిలో అందరి కళ్ళూ నా కాళ్ళ మీదే ఉన్నాయి. ఆ కప్పును చూసింది నేనొక్కదాన్నే.