తిప్పకూడని గుడ్డు

ఒక జీవి పుట్టుక గురించి నాకు తెలిసినదంతా మూడు గుడ్ల మీద ఆధారపడి ఉంది. అవి దొరికిన నేల ఇప్పుడు లేదు. పరిశోధన వ్యాసంలో ఆ సంగతికి ఒక వాక్యానికి మించి చోటు దొరకదు. అందుచేత మిగిలినది ఇక్కడ రాయవలసి వచ్చింది.

నేను జీవశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. సరీసృపాల పిండాలు నా అధ్యయన విషయం. టేకులపల్లి అవతలి అడవి వాలులో, రాలిన టేకాకుల కింద, బల్లి జాతికి చెందిన ఒక రకం నలికిరి ఉండేది. దానికి ముందుకాళ్లు లేవు. వెనుకకాళ్లు వడ్లగింజంత ఉండేవి. చుట్టుపక్కల వారు దానిని పామనే అంటారు, కనబడితే చంపుతారు. నా ప్రశ్న చిన్నది. గుడ్డులోని పిండంలో ఆ ముందుకాళ్లు అసలు మొదలే కావా, లేక మొగ్గలా తలెత్తి తరువాత వాడిపోతాయా? ఏళ్ల తరబడి వెతికినా ఎదిగిన నలికిరులు కనిపించాయి గాని గుడ్లు దొరకలేదు.

రెండేళ్ల కిందటి వేసవిలో ఆ వాలు బొగ్గు గని మట్టి పోసే డంపు కిందికి పోతుందని తెలిసింది. నేను అనుమతి సంపాదించి వెళ్లేసరికే చెట్లు కొట్టివేశారు. డోజర్ పక్కన దాని ఆపరేటర్, నడివయసు మనిషి, చాయ్ తాగుతూ కూర్చున్నాడు.

“సార్, పాముకు కాళ్లు దేవులాడుతున్నరట, నిజమేనా?”

“పాము కాదు. నలికిరి.”

“మేము నలికిరిపామే అంటం. కాళ్లుంటె మాత్రం నా మిషన్ ముందల ఉరుకుతదా ఏంది?”

మధ్యాహ్నం దాకా ఆగమని అడిగాను.

“అన్నం తినేదాంక ఆపుత. గంతకంటె లేటైతె సూపర్‌వైజర్ గరమైతడు. జల్దీ కానియ్యుండ్రి.”

కుళ్లిన మొద్దు పక్కన, వేళ్లతో మట్టి తీస్తుండగా మూడు గుడ్లు కనిపించాయి. ఇటువంటి గుడ్లలో పిండం పెంకు పైభాగాన అంటుకుని పెరుగుతుంది. గుడ్డును తలకిందులు చేస్తే అది ఊడి చనిపోవచ్చు. అందుకని కదిలించే ముందే మూడింటికీ పైన పెన్సిల్‌తో గీత పెట్టాను. రెండింటిని అలాగే ఎత్తి పెట్టెలో పెట్టాను. ఇంతలో, పక్కన గొంతుక్కూర్చుని చూస్తున్న ఆపరేటర్ మూడవ దానిని తీసి, తువ్వాలతో శుభ్రంగా తుడిచి నా అరచేతిలో పెట్టాడు.

“ఇగో సార్, మట్టంత పోయింది.”

మట్టితోపాటు గీత కూడా పోయింది.

“ఏ వైపు పైన ఉండింది?” అని అరిచాను.

“ఏ వైపైతె ఏంది సార్? మా ఇంట్ల కోడిపెట్ట దినాం తిప్పుకుంటనే పొదుగుతది.”

కోడి విషయంలో అతడు చెప్పినది నిజమే. కోడిగుడ్డును తిప్పకపోతే పిల్ల చస్తుంది. ఈ గుడ్డును తిప్పితే చస్తుంది. ఆ మాటే చెప్పాను. అతడి ముఖంలో నవ్వు పోయింది.

“ముందే చెప్పొద్దా సార్? ఇగ బతుకదా?”

చెప్పలేనన్నాను. టార్చి వెలుగుకు పట్టి చూసినా పెంకు మరకల వల్ల లోపల ఏమీ తెలియలేదు. ఊహించి ఒక వైపు పైకి పెట్టాను. అతడు అన్నం తిన్నాక కూడా కాసేపు ఊరికే కూర్చున్నాడు. తరువాత మిషన్ ఎక్కాడు.

ఇంటికి చేరగానే మొదటి గుడ్డును విప్పాను. ముందుకాళ్లు ఉండవలసిన చోట, రెండు పక్కలా సన్నని ఉబ్బు కనిపించింది. కొంత కాలం ఆగి రెండవది విప్పితే ఆ ఉబ్బు మరికాస్త పెరిగి ఉంది. అంటే కాళ్లు మొదలవుతున్నాయి. అవి వాడిపోయే తీరు చూపవలసినది, బతుకుతుందన్న ఆశతో చివరికి ఉంచిన, గీత పోయిన మూడవ గుడ్డు. గడువు వచ్చి విప్పితే పిండం చనిపోయి మెత్తబడి ఉంది. ఉబ్బు లేదు. అది ప్రకృతి సిద్ధంగా వాడిపోయిందో, చావులో కరిగిపోయిందో సూక్ష్మదర్శిని చెప్పలేదు. నేనూ చెప్పలేను.

ఆ వాలు మీద ఇప్పుడు మట్టిగుట్ట ఉంది. చుట్టుపక్కల అడవిలో రెండు వానాకాలాలు వెతికాను. ఒక్క నలికిరీ కనబడలేదు. అది ఇక ఈ ప్రాంతంలో లేదనే నా అభిప్రాయం. పిండాల వర్ణనలో పొరపాట్లుంటే తెలిసినవారు దిద్దగలరు. అంతకంటే ముఖ్యంగా, భద్రాచలం దాకా ఏ అడవిలోనైనా ముందుకాళ్లు లేని ఆ జీవిని మీరు చూసి ఉంటే, నా అభిప్రాయం తప్పని దయచేసి నాకు తెలియజేయండి.