నేను రుచి చూడని పుడ్డింగు

ఇరవై రెండేళ్ళ వయసులో నాకు ఆకలి మూడు పూటలా ఉండేది. దాన్ని తీర్చే శక్తి మా హాస్టలు మెస్సుకు ఒక్క పూట కూడా ఉండేది కాదు. బాపట్లలో టీచరు ట్రైనింగు చదువుతున్న నేను ఆ లోటును బొమ్మలతో పూడ్చుకునేవాణ్ణి. తెనాలిలో మా పెదనాన్న అచ్చాఫీసులో పనిచేసేవారు. హోటలు ప్రకటనలకూ మిఠాయి పెట్టెలకూ బిస్కెట్ల డబ్బాలకూ వేసిన రంగుల బొమ్మల్లో మిగిలినవి నాకిచ్చేవారు. పొగలు కక్కే అగ్గిపెట్టెంత ఇడ్లీ, పాకం కారే జిలేబీ, ఎవరూ కొరకని లడ్డు! వాటిని అట్టలకు అంటించి ట్రంకుపెట్టెలో చొక్కాల కింద దాచేవాణ్ణి. (చొక్కాలు రెండే కాబట్టి చోటుకు కొదవ లేదు.)

రేపల్లె బళ్ళో ఆరో తరగతికి పరీక్ష పాఠం చెప్పాల్సి వచ్చింది. పాఠం 'మన ఆహారం'. వెనక బెంచీలో పరీక్షాధికారి. ఆయన సంతకం పెడితేనే నాకు ఉద్యోగం. నా బొమ్మలకు మంచిరోజు వచ్చిందని మురిసిపోతూ అట్టలన్నీ బల్ల మీద పేర్చాను. ఇడ్లీ, జిలేబీ బాగానే గడిచాయి. చివర్న అన్నిటికన్నా అపురూపమైంది పైకెత్తాను: పింగాణీ పళ్ళెంలో గోధుమరంగు గోపురం, దాని మీద ఎర్రటి పండు. కింద పుడ్డింగు అని ఇంగ్లీషులో ఉంది.

ముందు బెంచీలోంచి రెండు జడల పిల్ల లేచింది. "ఇది ఎలా ఉంటుందండి సార్?"

"తియ్యగా ఉంటుందమ్మా."

"మెత్తగానా అండి, గట్టిగానా?"

తెలీదంటే మాస్టారి పరువేం కావాలి? "కరకరలాడుతుంది," అన్నాను. అక్కడితో ఆగొచ్చుగా! "నమిలితే పక్కింటికి వినపడుతుంది," అని కూడా అన్నాను.

వెనకనుంచి దగ్గు వినిపించింది. "ఏంటయ్యా, నువ్వెప్పుడైనా తిన్నావా?" అన్నారు పరీక్షాధికారి.

"లేదండి... చూశానండి."

"అది జున్నులా ఉంటుందయ్యా. చెంచా తగిలితే వణుకుతుంది."

ఆ క్షణంలో ఏ పుడ్డింగూ నా అంతగా వణికి ఉండదు. క్లాసంతా ఒకటే నవ్వు. ఇక నా ఉద్యోగం గోదాట్లో కలిసిందనుకున్నాను. ఆయన మాత్రం కాగితం మీద సంతకం గీకి, "పాస్ చేస్తున్నాను. తెలీనిది తెలీదని చెప్పడం నేర్చుకో. ముందు ఎక్కడైనా కడుపునిండా తిను," అంటూ వెళ్ళిపోయారు.

ఆ బళ్ళో నాకింకా వారం రోజుల పని ఉంది. మర్నాడు క్లాసులో రెండు జడల పిల్ల మూతపెట్టిన గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. "జున్నండి. మా గేదె ఈనింది. తిని, ఎలా ఉందో చెప్పండి సార్."

తర్వాత ఎన్నో ఏళ్ళు పాఠాలు చెప్పాను. పిల్లలందరూ నా నోటికేసి అంత శ్రద్ధగా చూసింది మాత్రం ఆ ఒక్క రోజే. కుర్ర మాస్టారినైన నేనేమో తలొంచుకుని గిన్నె అడుగు గీకుతూ కూర్చున్నాను.