స్టీరింగ్ కింద నైలాన్ తాడు

రాష్ట్రం విడిపోకూడదని ఉద్యమం జరుగుతున్న రోజులవి. బస్సులు డిపో దాటడం లేదు. ఆటోలను రోడ్డు మీదే ఆపేస్తున్నారు. మా పేటలో కదిలే కారు మాదొక్కటే. చేపల పెట్టెలు మోసి మోసి కంపు పట్టిన పాత బండి. ఎక్కడ ఆపినా అద్దంలోంచి తొంగిచూసి, లోపల రోగి ఉంటే వదిలేసేవారు. మా బండిలో రోగి ఉంది. మా అత్త.

అత్తకు కిడ్నీలు రెండూ పోయాయి. వారం వారం శ్రీకాకుళం తీసుకెళ్లి డయాలసిస్ చేయించాలి. కిందటి వాయిదా రోజున రోడ్డుకు అడ్డంగా టైర్లు కాలుతుంటే వెనక్కి వచ్చేశాం. అప్పట్నుంచీ కాళ్లు ఉబ్బిపోయాయి. పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీస్తోంది. ఆస్పత్రి నర్సు ఫోన్లో మొహమాటం లేకుండా చెప్పేసింది. మధ్యాహ్నంలోపు వస్తే మిషన్ ఇస్తాం, ఈసారి కూడా తప్పితే మనిషి దక్కడం కష్టం అంది.

పొద్దున్నే బయల్దేరాం. నౌపడ ఉప్పుమడుల పక్కన మలుపు దగ్గర నా మొగుడు స్టీరింగ్ తిప్పబోయాడు. అది ఠక్కుమని బిగుసుకుపోయింది. రోడ్డు పక్కకు తిరిగింది, బండి తిన్నగా పోయింది. బ్రేకు తొక్కేసరికి ముందు చక్రం మడిగట్టు అంచున ఆగింది. కింద ఉప్పునీళ్లు. అత్త తల ముందు సీటుకు కొట్టుకుంది.

"మావా, ఏటయ్యింది?" అని కేకేశాను.

"లాక్ పడిపోనాది" అన్నాడు.

స్టీరింగ్ కిందున్న ప్లాస్టిక్ మూత విప్పాడు. చూద్దును కదా, తాళం ఉండే ఇనుప భాగం చుట్టూ తెల్లటి నైలాన్ తాడు, వలలు కుట్టే తాడు, వరసలు వరసలుగా చుట్టి ఉంది. తాళం చెవి పెడితే ఊగుతోందని కొన్నాళ్ల కిందటే చెప్పాడు. ఆ భాగాన్ని హౌసింగ్ అంటారు. అది బీటలిచ్చింది. షాపులన్నీ మూసేశారు, సర్దేసినాంలే అన్నాడు. ఎలా సర్దాడో నేనడగలేదు.

మా వాళ్లంతే. ఒక్క మేకు కొట్టకుండా దుంగల్ని తాడుతో బిగించి, ఆ తెప్ప మీద సముద్రంలోకి పోయి బతికొచ్చిన జాతి. మంచం కోడు విరిగినా, కళ్లజోడు కాడ ఊడినా మా ఇంట్లో చెయ్యి ముందు తాడు ఉండ మీదికే పోతుంది. తెప్పకైతే సరే, అది అలతో పాటు ఊగాలి. స్టీరింగ్‌ను పట్టుకునేది ఊగకూడదు. బండి ఆపి చెవి తీస్తే, దొంగలు తోలుకుపోకుండా లోపలి పిన్ను వచ్చి స్టీరింగ్‌ను బిగిస్తుంది. విరిగిన హౌసింగ్ పక్కకు జరిగేసరికి ఆ పిన్ను నడుస్తున్న బండిలోనే దిగిపోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "కన్నతల్లిని కూకోబెట్టుకుని తాడు కట్టిన బండి నడుపుతావా? బుర్రున్నాదా నీకు?" అని తిట్టాను. ఇంకా చాలా అన్నాను, ఇక్కడ రాయను. అతను ఆ తాడునే వేలితో తడుముతూ కూర్చున్నాడు. దాంతో నాకు ఇంకా మండింది. ఉప్పుమడిలో పనిచేసే ఒకాయన మోటారు సైకిలెక్కి టెక్కలి మెకానిక్ కోసం పోయాడు.

అత్తకు కొంగుతో విసురుతూ కూర్చున్నాను. ఊపిరి పిల్లికూతలు కూస్తోంది. పెదాలు నల్లబడుతున్నాయి. "ఆడ్ని తిట్టకే..." అని ఏదో చెప్పబోయింది.

"నువ్వు మాటాడకత్తా, ఊపిరి దాసుకో" అని కసిరాను. మళ్లీ నోరు తెరిచింది. మళ్లీ ఆపేశాను.

ఎండ నడినెత్తికి పాకుతుండగా ఆ మోటారు సైకిలు మీదే మెకానిక్ వచ్చాడు. ఇలాంటి బండే ఒకటి గుద్దుకుని అతని షెడ్డులో పడుందట. దాని హౌసింగ్ చెవితో సహా ఊడదీసి తెచ్చాడు. ముందు బ్యాటరీ వైరు తీశాడు. తరవాత తాడు విప్పబోయాడు. ముడి కొస దొరకలేదు. గోళ్లతో గీకాడు, స్క్రూడ్రైవరు దూర్చాడు, చివరికి హాక్సా బ్లేడుతో కోసేశాడు. "ఎవులు కట్టినారయ్యా ఇది? లోపల ఇనుము రెండు ముక్కలైపోనాది గానీ ముడి కదల్నేదు!" అన్నాడు. నా మొగుడు తల దించుకున్నాడు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను.

హౌసింగ్‌ను పట్టుకున్న బోల్టులకు తలలుండవు. ఎవరూ విప్పకూడదని బిగించేటప్పుడే తల తెగిపోయేలా చేస్తారట. ఉలి ఆనించి సుత్తితో చిన్నగా కొడుతూ తిప్పాలి. గట్టిగా కొడితే స్టీరింగ్ రాడ్డు వంగుతుంది, వంగితే బండి ఇక్కడే అన్నాడు. ఒక బోల్టు తిరిగింది. రెండోది ఉప్పుగాలికి తుప్పు పట్టి మొరాయించింది. వెనక సీట్లో ఒక్కసారిగా అత్త ఊపిరి చప్పుడు ఆగింది. భుజం పట్టి కుదిపాను. దగ్గి, మళ్లీ పీల్చింది. "బేగి కానీ బాబూ" అన్నాను. "తొందరెడితే సెయ్యి జారతాదమ్మా" అన్నాడు మెకానిక్, తలెత్తకుండా.

బ్లేడుతో బోల్టుకు గాటు పెట్టి, ఆ గాట్లో స్క్రూడ్రైవరు వేసి ఇద్దరూ కలిసి తిప్పారు. కిర్రుమంటూ వచ్చింది. కొత్త బోల్టులతో హౌసింగ్ ఎక్కించి, చెవి తీసి పెట్టి, స్టీరింగ్ ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పి చూశారు. ఎక్కడా పట్టలేదు. ఉప్పుమడి ఆయనతో కలిసి నలుగురం బండిని రోడ్డెక్కించాం. దారంతా నేను రోడ్డు చూడలేదు, నా మొగుడి చేతులే చూశాను. ప్రతి మలుపులోనూ అమ్మవారికి మొక్కుకున్నాను.

ఆస్పత్రి చేరేసరికి మధ్యాహ్నం దాటిపోయింది, అయినా మిషన్ ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. అత్త ఎడమ చేతికి సూదులు ఎక్కించారు. గొట్టాల్లో రక్తం తిరగసాగింది. చాలాసేపటికి పెదాలకు రంగొచ్చింది. అప్పుడు నన్ను దగ్గరికి పిలిచింది.

"ఒసే, ఆడి తప్పు నేదే. ఆ తాడు నానే కట్టినాను. ఆడు వొద్దన్నాడు. నా సేతికి ఇంకా పనొస్తాది కదాని..."

డయాలసిస్ సూదులు గుచ్చే ఆ చేత్తో బరువెత్తొద్దని, బిగించే పని చెయ్యొద్దని డాక్టరు ఎన్నిసార్లు చెప్పాడో. పేటలో సగం వలలు ఆ చేతులే కుట్టాయి. పొద్దుట్నుంచీ అన్ని తిట్లూ తిన్నవాడు వార్డు బయట గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

"ముడి గానీ ఊడిపోనాదేటే?" అంది అత్త భయంగా.

"నేదత్తా. ఇనుమే ఇరిగిపోనాది. నీ ముడి మెకానిక్కి కూడా ఊడనేదు. కోసేసినాడు."

"అలగా" అంది. కళ్లు మూసుకుంది. అన్ని రోజుల తరవాత, గోడకు ఆనుకోకుండా, వెల్లకిలా పడుకుని నిద్రపోయింది.