చివరి వంతు మేడమ్‌ది

పోయిన సోమవారం కుప్పం నుంచి ఫోన్ వచ్చింది. మా లెక్కల మేడమ్ నిద్రలోనే పోయారని వారి చెల్లెలు చెప్పారు. మదనపల్లెలో నా మందుల షాపులో నిలబడి ఆ మాట విన్నాను. ఎదురుగా ఉన్నాయనకు దగ్గు మందు అందించి, ఆ తర్వాత కూర్చుండిపోయాను.

మన బళ్ళో చదివిన మీలో చాలామందికి ఆమె లెక్కలు చెప్పిన మేడమ్. నాకూ, నా ఇద్దరు స్నేహితులకూ మాత్రం ఆకాశం చూపించిన మనిషి. రిటైరయ్యాక టెలిస్కోపు కొన్నారు. ఆమెను చూసి మేమూ ఒకటి కొన్నాం. అమావాస్య దగ్గర పడితే చాలు, పుంగనూరు దాటాక ఉన్న పెద్ద బండ మీదికి ఆ రెండింటినీ, చాపనూ, ఉడకబెట్టిన చెనిక్కాయలనూ మోసుకెళ్ళేవాళ్ళం. చీకటికి అలవాటుపడ్డ కళ్ళు చెదరకూడదని మేడమ్ టార్చికి ఎర్ర జాకెట్టు గుడ్డ కట్టేవారు. ఎవరైనా సెల్ తీశారో, బళ్ళో కంటే గట్టిగా తిట్లు పడేవి.

ఆమె పెట్టిన కట్టుబాటు ఒకటుంది. గ్రహాన్ని దొరకబట్టినవాళ్ళు అందరికీ చూపించి, చివరన తాము చూడాలి. ఎప్పుడూ దొరకబట్టేది ఆమే కాబట్టి చివరి వంతూ ఆమెదే. మొదటిసారి శనిగ్రహం చుట్టూ ఉంగరాన్ని చూసిన రాత్రి నేను కన్ను తీయలేదు. ఆమె వంతు వచ్చేసరికి అది అద్దంలోంచి జారిపోయింది.

"యాడికో పోయింది మేడమ్!" అని కంగారుపడ్డాను.

"అది యాడికి పోతాదప్పా? మనమే తిరుగుతాండాము. జరుగు, మళ్ళా పట్టుకుందాం," అని నవ్వారు.

తర్వాత స్నేహితుల్లో ఒకడు బెంగళూరు చేరాడు, ఇంకొకడికి రాత్రి డ్యూటీ పడింది. మోకాళ్ళు మొరాయించాక మేడమ్ చెల్లెలి దగ్గరికి వెళ్తూ తన టెలిస్కోపు నాకిచ్చారు. అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "ఏమప్పా, ఆకాశం తేటగా ఉండాదా?" అని అడిగేవారు. బాగున్నావా అని అడగడం ఆమెకు అదే. ఆ ప్రశ్న ఇక నన్నెవరూ అడగరు. అదే తట్టుకోలేకుండా ఉన్నాను.

మేడమ్ కోసం ఒకసారి బండ మీదికి పోదామని స్నేహితులకు చెప్పాను. వస్తామన్నారు, రాలేకపోయారు. నిన్న రాత్రి ఒక్కడినే వెళ్ళాను. ఎర్ర గుడ్డ కట్టిన టార్చి వెలుగులో టెలిస్కోపు బిగించి, చాలాసేపు వెతికి శనిగ్రహాన్ని దొరకబట్టాను. అలవాటు కొద్దీ పక్కకు జరిగి, "చూడండి మేడమ్," అన్నాను.

దొరకబట్టింది నేను. నా వంతు చివరన. నాకంటే ముందు చూడాల్సినవాళ్ళెవరూ అక్కడ లేరు. అయినా ఒక మనిషి నిలబడేంత చోటు వదిలి అలాగే నిలబడ్డాను. అద్దంలోంచి శనిగ్రహం మెల్లగా జారిపోతూ ఉంటుందని తెలుసు.